తగ్గింది అనే మాట

మా ఇంట్లో "తగ్గింది" అనే మాట ఎవరూ అనరు. జ్వరం వచ్చి పోతే "పోయింది" అంటాం. వాన నిలిస్తే "ఆగింది" అంటాం. కూరలో ఉప్పు చాలకపోతే "ఉప్పు చాలలేదు" అంటాం. ఈ నియమం మా కోడలు పెట్టింది. పెట్టేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు. గోడకు చెప్పినట్టు చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ మాటంటే నాకు ఒకప్పుడు ప్రాణం. మోండా మార్కెట్లో ఏ దుకాణం ముందు నిలబడ్డా "తగ్గించు" అని మొదలుపెట్టి, తగ్గాకే సంచి తెరిచేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. "నువ్వు బేరం షురూ చేస్తే టమాటలు సుత భయపడి మెత్తవడ్తయే" అనేవాడు. ధర తగ్గితే మంచిది. దగ్గు తగ్గితే మంచిది. వాపు, కోపం, ఎండ, ఏది తగ్గినా మంచిదే. మన భాషలో రోగం పక్కన ఆ మాట పెడితే శుభవార్తే. దానికి ఇంకో మొహం కూడా ఉందని నాకు తెలుసు, మా కోడలికి తెలుసు. మా ఆయనకు అప్పట్లో తెలియదు.

మా మనవరాలు, అంటే మా కొడుకు కూతురు, చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఒక ఎండాకాలం మొదలైంది ఇదంతా. పిల్ల ఊరికే నీళ్ళు తాగేది. మంచినీళ్ళ కుండ నేను నింపడం, అది ఖాళీ చేయడం.

"ఏందే గిట్ల తాగుతున్నవ్? కడుపుల ఇసుక పోసుకున్నవా?" అని కసిరాను.

"దూప అయితుంది నానమ్మా. ఎంత తాగినా పోతలేదు."

తిండి బాగానే తినేది, ఒళ్ళు మాత్రం కరిగిపోయేది. గౌన్లు భుజాల మీంచి జారిపోతుంటే మా ఆయన పట్టుకుని కుట్లు బిగించేవాడు. ఆయన టైలరు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి కుట్టి, కళ్ళు మసకబారాక దుకాణం ఎత్తేసి, మిషను ఇంటి ముందు గదిలో వేసుకున్నాడు. ఒకరోజు స్నానాల గది తూము దగ్గర చీమలు బారులు కట్టాయి. నేను పసుపు చల్లబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆగవే. గీ చీమలు నాకు ఎరుకే. నాకు షుగర్ వచ్చినప్పుడు గిట్లనే వచ్చినయి. బిడ్డకు షుగర్ ఉంది."

"పిచ్చి లేసిందా నీకు? పసిపిల్లకు షుగరేంది?"

మా కొడుకు కూడా నవ్వాడు. ఆయన ఎవరి మాటా వినకుండా పిల్లను ఎత్తుకుని పరీక్ష చేసే చోటికి పోయాడు. అక్కడి నుంచి అటే ఆసుపత్రి. ఇంకొంచెం ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదన్నారు. ఆ రోజు పిల్లను బతికించింది మా ఆయనే. ఇది ముందే రాసి పెడుతున్నాను, తరువాత రాసేది చదివి ఎవరైనా ఆయన్ను మూర్ఖుడనుకుంటారేమోనని.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇంటివాళ్ళందరినీ లోపలికి రమ్మంది, అన్నీ నేర్చుకోవాలని. మా ఆయన బయట బెంచీ మీదే కూర్చున్నాడు. "షుగర్ సంగతి నాకు చెప్తదా గా డాక్టర్ పిల్ల? ఎన్నేండ్ల సందో దాంతోనే సంసారం చేస్తున్న. మీరు పోయి నేర్చుకోండి" అన్నాడు. చీమలను చూసి రోగం కనిపెట్టినవాడు కదా. మేమూ సరేనన్నాం.

నేను చదివింది నాలుగో తరగతి. డాక్టరమ్మ "క్లోమ గ్రంథి" అంటే పుస్తకమేమో అనుకుని, "కడుపుల పుస్తకమేందమ్మా?" అని అడిగాను. ఆమె నవ్వి, నాకు తెలిసేలా చెప్పింది. గ్రంథి అంటే ఒక రసాన్ని తయారుచేసి నేరుగా నెత్తుట్లో వదిలే చిన్న ముద్ద. ఒంట్లో అక్కడక్కడా అలాంటివి ఉన్నాయి: మెడలో, తలలో, మూత్రపిండాల పైన, కడుపు వెనక. అవి వదిలే రసాన్ని హార్మోన్ అంటారు. నెత్తురు ఎక్కడికి పోతే అదీ అక్కడికి పోతుంది. కానీ దాని మాట అందరూ వినరు. దానికి సరిపోయే తలుపు ఉన్న కణమే వింటుంది, మిగిలినవి పక్కనుంచి పోనిస్తాయి. ఇన్సులిన్ అలాంటి ఒక హార్మోన్. తిన్న అన్నం చక్కెరై నెత్తుట్లోకి వస్తే, ఒళ్ళంతా తిరిగి కణాల తలుపులు తీయించి దాన్ని లోపలికి పంపేది అదే.

"ఈ పాపలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు పోయాయమ్మా. ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరపాటుపడి వాటిని చంపేశాయి" అందామె.

అంటే గడప ముందు బియ్యం బస్తాలు దిగి ఉన్నాయి, తలుపు తీసేవాళ్ళు లేక లోపలి మనుషులు పస్తులున్నారు. నెత్తుట్లో పేరుకున్న చక్కెర మూత్రంలో కలిసి వృథాగా పోతోంది. ఒక్క గింజ పారేయని నా ఇంట్లో, నా మనవరాలి ఒంట్లో ఆ దుబారా.

"మరి వాళ్ళ తాత గోళీలు ఇయ్యరాదా? ఇంట్ల ఉన్నయి."

"తాతగారి ఒంట్లో ఇన్సులిన్ ఉందమ్మా, దాని మాట కణాలు సరిగా వినడం లేదు. గోళీలు వినేలా చేస్తాయి. పాపలో అది లేనే లేదు. నోటితో ఇస్తే కడుపులో అన్నంలాగే అరిగిపోతుంది. సూదితోనే ఇవ్వాలి. బతికినన్నాళ్ళూ."

రెండింటికీ పేరొకటే, షుగర్. రోగాలు మాత్రం వేరు. తరువాత డాక్టరమ్మ చెప్పిన మాటను మేడ మీద నీళ్ళ ట్యాంకుకు పోల్చుకున్నాకే అర్థం చేసుకోగలిగాను. ట్యాంకులో ఒక బంతి తేలుతుంటుంది. నీళ్ళు నిండితే అది లేచి పైపు మూస్తుంది, దిగితే తెరుస్తుంది. ఒంట్లో ప్రతి హార్మోన్‌కీ అలాంటి బంతి ఉందట. చక్కెర పెరిగితే ఇన్సులిన్ వస్తుంది, చక్కెర దిగితే అదే ఆగిపోతుంది. సూదితో ఎక్కించిన ఇన్సులిన్‌కు ఆ బంతి లేదు. లోపలికి పోయాక వద్దంటే ఆగదు. పిల్ల తిన్నా తినకున్నా, నెత్తుట్లో చక్కెర మిగిలినా మిగలకున్నా తలుపులు తీస్తూనే ఉంటుంది. చక్కెర బాగా దిగిపోతే మెదడు ఆగిపోతుంది, ఎందుకంటే మెదడుకు దాచుకునే గరిసె లేదు, ఏ పూటది ఆ పూట రావాల్సిందే.

"షుగర్ పెరిగితే మెల్లగా చెడుపు చేస్తుంది. తగ్గితే అప్పటికప్పుడే ప్రమాదం. వెంటనే చక్కెర నోట్లో వేయండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ వేయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నేను, కోడలు తలలూపాం. బయట బెంచీ మీద మా ఆయన పక్కవాళ్ళతో కాకరకాయ రసం గురించి మాట్లాడుతున్నాడు.

తరువాతి సంవత్సరాలు ఎలాగో గడిచాయి. మనవరాలు సూది తానే వేసుకోవడం నేర్చుకుంది. పళ్ళెం చూసి ఎంత ఇన్సులిన్ కావాలో లెక్క నోటితో చెప్పేది. లెక్కల్లో దిట్ట. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది. తాతకూ దానికీ ఒకటే ఆట. పొద్దున్నే ఇద్దరూ వేళ్ళు గుచ్చుకుని మిషను బల్ల మీద పక్కపక్కన చూసుకునేవారు.

"తాతా, నాది నూట ముప్పై. నీది?"

"నాది చెప్పనే. మీ నానమ్మ వింటే రాత్రి చపాతి సుత బంద్ పెడ్తది."

ఆయన పార్కులో నడిచొచ్చి, అంకె చూసి, "తగ్గింది! తగ్గింది!" అని గెలిచినవాడిలా ఇల్లంతా తిరిగేవాడు. మనవరాలు చప్పట్లు కొట్టేది. దానికి చక్కెర దిగిపోయినప్పుడు తాతకు చెప్పే అవసరం వచ్చేది కాదు. చేతులు వణికేవి, చెమట పట్టేది, తానే చక్కెర డబ్బా తీసుకునేది, లేకపోతే నేనో కోడలో అందించేవాళ్ళం. చెప్పానుగా, సంవత్సరాలు ఎలాగో గడిచాయి. ఆ వణుకు రాను రాను రావడం మానేసిందని మేమెవరం గమనించలేదు. వణుకు లేకపోతే బాగుందనే అనుకుంటాం కదా.

అది ఇంటర్ చదువుతున్న ఏడాది, బతుకమ్మ రోజులు. ముందు రోజు సాయంత్రం కాలనీ మైదానంలో మనవరాలు అలిసిపోయేదాకా ఆడింది. బాగా ఆడితే కండలు మరునాటి దాకా చక్కెర లాగుతాయని డాక్టరమ్మ చెప్పింది, అందుకే పొద్దున ఇన్సులిన్ కొంచెం తక్కువే వేసుకుంది. అయినా అదీ ఎక్కువే అయింది. కొడుకు, కోడలు పనికి పోయారు. మధ్యాహ్నం అన్నమయ్యాక నేను పూల కోసం మోండా మార్కెట్‌కు పోయాను. తాత మిషను ముందు కూర్చుని, ఆఖరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి మనవరాలికి జాకెట్టు కుడుతున్నాడు. ఆకుపచ్చ గుడ్డ, అంచుకు జరీ.

తరువాత ఆయనే చెప్పాడు. చాలాసార్లు చెప్పాడు, అడగకుండానే. మనవరాలు గదిలోంచి వచ్చి తలుపుకు ఆనుకుని నిలబడి, "తాతా, షుగర్ తగ్గింది" అందట. మాట కొంచెం ముద్దగా వచ్చిందట. నిద్ర మొహం అనుకున్నాడు. మిషను మీంచి కళ్ళెత్తలేదు, జరీ అంచు మలుపులో ఉన్నాడు.

"శభాష్ బిడ్డా! నాది సుత పొద్దుగాల తగ్గింది. ఇద్దరం గెలిచినం. నిన్న మస్తు ఆడినవ్, పోయి జెర పండుకో."

అది పోయి పడుకుంది.

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. మిషను మోటరు చప్పుడుకు నిద్ర చెడుతుందని మోటరు ఆపి, చేత్తో చక్రం తిప్పుకుంటూ కుట్టాడు. వాకిట్లో క్రికెట్ ఆడే పిల్లలను "మా బిడ్డ పండుకుంది, దూరం పోండ్రి" అని వెళ్ళగొట్టాడు. ఆ నిద్రకు కాపలా కూర్చున్నాడు.

నేను ఆ వేళ మార్కెట్లో గునుగు పూల గంప ముందు కూర్చుని బేరం చేస్తున్నాను. పూలావిడ విసుక్కుని, "ఇగో, తగ్గించిన, తీస్కపో, నా పానం తియ్యకు" అంది.

సంచి నిండా పూలతో ఇంటికొచ్చేసరికి జాకెట్టు అయిపోయింది. ఆయన దాన్ని కొక్కేనికి తగిలించి మురిసిపోతున్నాడు.

"బిడ్డ ఏదయ్యా?"

"మెల్లగ మాట్లాడవే. పండుకుంది. షుగర్ తగ్గిందట."

నవ్వుతూ చెప్పాడు. నేను సంచి అక్కడే వదిలేశాను.

తలుపు తీస్తే మనవరాలు పక్కకు తిరిగి ఉంది. ఒళ్ళు చల్లగా ఉంది, కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. పళ్ళు బిగుసుకున్నాయి, తరువాత కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి. నా చేతిలోకి చక్కెర డబ్బా ఎలా వచ్చిందో తెలియదు. స్పృహ లేకపోతే నోట్లో వేయొద్దంది డాక్టరమ్మ. డబ్బా నిండా చక్కెర ఉంది. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఆయన వెనక నిలబడి, "ఏమైందే? తగ్గిందన్నది కదా? తగ్గిందనే కదా అన్నది?" అంటున్నాడు.

పక్కింటివాళ్ళు ఆటో తెచ్చారు. పండగ రద్దీ. ముందు పూల బండి, వెనక బస్సు. ఆయన ఆటోలో పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా అదే మాట. "తగ్గిందన్నది... తగ్గిందన్నది..." నేను "నోరు మూస్తవా లేదా" అని అరిచాను. మూశాడు. ఆ తరువాత ఆ మధ్యాహ్నం సంగతి చెప్పడానికి తప్ప ఆ నోరు సరిగా తెరుచుకోనే లేదు.

నరంలోకి గ్లూకోజు ఎక్కించారు. అంకె సరైంది, పిల్ల మాత్రం వెంటనే లేవలేదు. చాలాసేపు మెదడు ఆకలితో ఉందన్నారు. డాక్టరమ్మ తన గదిలోకి పిలిచి నాతో, కోడలితో మాట్లాడింది. ఈసారి మా ఆయన లోపలికి వచ్చాడు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆయన వినాలని ఎవరూ అడగలేదు.

చక్కెర దిగినప్పుడు ఒళ్ళు ఊరికే కూర్చోదట. మొదట ఇన్సులిన్ ఆగిపోవాలి. మా పిల్లలో అది సూదిది, ఆగదు. రెండోది గ్లూకగాన్, క్లోమం నుంచే వచ్చే ఇంకో హార్మోన్. అది పోయి కాలేయాన్ని తడితే, కాలేయం దాచిపెట్టిన చక్కెర బయటికి తీస్తుంది. ఒంట్లో నాలాంటి మనిషి కాలేయం, ఉన్నప్పుడు దాస్తుంది, లేనప్పుడు తీస్తుంది. కానీ ఈ రోగంలో కొన్నేళ్ళకు గ్లూకగాన్ ఆ వేళకు రావడం మానేస్తుందట. తట్టేవాళ్ళు లేక దాచింది దాచినట్టే ఉంటుంది. మూడోది అడ్రినలిన్. మూత్రపిండాల పైనుండే గ్రంథులు వదులుతాయి. గుండె దడ, చెమట, వణుకు, అదంతా దాని అరుపే. చక్కెర మాటిమాటికీ దిగుతుంటే ఒళ్ళు దానికి అలవాటుపడి ఆ అరుపు కూడా సన్నగిల్లుతుంది. మనిషికి తెలిసేసరికి మాట తడబడే దాకా వస్తుంది.

"మీ మనవరాలు ఆ స్థితిలో కూడా లేచొచ్చి చెప్పిందంటే గొప్పేనమ్మా" అంది డాక్టరమ్మ.

గోడ దగ్గర మా ఆయన కిందికి జారి కూర్చున్నాడు. ఒంట్లో అన్నీ నోరు మూసుకున్నాక, పిల్ల తన నోటితో వచ్చి చెప్పింది. సరైన మాటే చెప్పింది. వినాల్సిన మనిషికే చెప్పింది. నెత్తుట్లో మాట తిరిగినా సరిపోయే తలుపు లేకపోతే పక్కనుంచి పోతుందని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. ఇంట్లో కూడా అంతే జరిగింది.

మా కొడుకు తండ్రిని ఒక్కసారే అడిగాడు. "నీకు తెల్వదా నాయినా?" ఆయన తల అడ్డంగా ఊపాడు. అంతే. కోడలు ఆయనకు ఇప్పటికీ వేళకు అన్నం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, పళ్ళెం కింద చప్పుడు కాకుండా పెడుతుంది.

మనవరాలు లేచింది. నడుస్తుంది. నవ్వుతుంది. కానీ లేచింది మునుపటి పిల్ల కాదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. పళ్ళెం చూసి లెక్క చెప్పిన పిల్ల ఇప్పుడు పళ్ళెం చూసి నా మొహం చూస్తుంది. కాలేజీ మానింది. లెక్కల పుస్తకాలు మా కొడుకు అటక ఎక్కించాడు. కొన్నాళ్ళకు మెరుగవుతుందని మొదట్లో అన్నారు. ఇప్పుడు ఆ మాట కూడా అనడం లేదు. ఇన్సులిన్ కోడలు లెక్క చూసి వేస్తుంది, పగలు నేను వేస్తాను. వేసిన ప్రతిసారీ ఆ బంతి లేని పైపే గుర్తొస్తుంది.

ఆకుపచ్చ జాకెట్టు కొక్కేనికే ఉంది. గుడ్డ వృథా చేయడం నాకు పడదు, అయినా తీయలేదు. ఆయన మిషను మీద దుప్పటి కప్పాడు. తన షుగర్ చూసుకోవడం మానేశాడు. నేను గోళీ చేతిలో పెట్టి, మింగేదాకా ఎదురుగా నిలబడతాను. ఆయన తప్పు కాదని ఆయనతో ఎవరమూ అనలేదు. నేనూ అనలేదు. తప్పు కాదని నాకు అనిపిస్తే కదా అనడానికి. తప్పని గట్టిగా అందామన్నా, స్నానాల గది తూము దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపిన ఆ చెయ్యి కనిపిస్తుంది. అందుకే ఏమీ అనను.

పోయిన వారం మనవరాలికి జలుబు చేసి దగ్గు పట్టింది. మిరియాల కషాయం కాచి ఇచ్చాను. నిన్న మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతున్నాను, ఆయన కిటికీ దగ్గర కూర్చున్నాడు. మనవరాలు గదిలోంచి వచ్చి, ఆనాటిలాగే తలుపుకు ఆనుకుని నిలబడింది. కోడలు పెట్టిన నియమం దానికి గుర్తుండదు.

"తాతా, తగ్గింది."

ఆయన లేచిన తీరు నేను ఎన్నడూ చూడలేదు. కుర్చీ వెనక్కి పడింది. వంటింట్లోకి ఉరికి చక్కెర డబ్బా తెచ్చి, మూత ఊడబెరికి, గుప్పిళ్ళతో దాని నోట్లో కుక్కడం మొదలుపెట్టాడు. "తిను బిడ్డా, తిను, నమలకున్నా సరే, మింగు, మింగు." గుప్పిట్లోంచి జారి సగం నేల పాలైంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించిన చేతులవి.

"ఏందయ్యా! ఆగు! దగ్గు! దగ్గు తగ్గిందంటుందయ్యా!" అని నేను ఆయన చెయ్యి లాగాను. ఆ మాట నా నోట్లోంచి కూడా వచ్చేసింది.

మనవరాలు అడ్డు చెప్పలేదు. పెట్టిందల్లా నమిలింది. తన ఒంటి సంగతి తనకంటే ఇతరులకే బాగా తెలుసని అది ఇప్పుడు నమ్ముతుంది. నోటి చుట్టూ చక్కెరతో నన్ను చూసి, "దగ్గే నానమ్మా. నిజంగనే తగ్గింది. తాత ఎందుకేడుస్తుండు?" అంది.

వేలు గుచ్చి చూశాను. ముందే ఎక్కువుంది, తినిపించినదానికి ఇంకా ఎక్కబోతోంది. కోడలికి ఫోన్ చేసి లెక్క అడిగి సూది వేశాను. ఇక సాయంత్రం దాకా దాని మొహం చూస్తూ కూర్చోవాలి.

ఆయన నేల మీద, చక్కెర మధ్యలో, రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు. భుజం పట్టి లేపుదామని దగ్గరికి పోయాను. చెయ్యి చాచాను కూడా. చక్కెర కాళ్ళ కింద కరకరలాడింది. వేరే రోజైతే జల్లెడ పట్టి డబ్బాలో పోసుకునేదాన్ని. వెనక్కి తిరిగి చీపురు తెచ్చాను. ఆయన చుట్టూ ఊడ్చాను. గడప దగ్గర అప్పటికే చీమలు మొదలయ్యాయి.